జావా పల్లెలో ఒక వరికోత

ముప్పై ఒక్క ఏళ్లు వ్యవసాయ శాఖలో పనిచేసి ప్రస్తుతం విజయవాడలో విశ్రాంత జీవితం గడుపుతున్న నాకు, ఉద్యోగకాలమంతా ఒక చిన్న చిక్కు వెంట ఉండేది. ఇంగ్లీషులో వచ్చిన కరపత్రాలను రైతుల కోసం తెలుగు చేసేటప్పుడు 'రైస్' అన్న మాట ఎదురైతే చాలు, అది చేలో నిలబడిన వరా, కళ్లంలో రాశిపోసిన వడ్లా, మిల్లు నుంచి వచ్చిన బియ్యమా, కంచంలోని అన్నమా అని ఆగి ముందూ వెనకా చూసుకోవలసి వచ్చేది. 2025 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని జావా ద్వీపంలో ఒక పల్లెలో, డెబ్బై దాటిన ఒక ముసలమ్మ తన వంటింటి గడప మీద కూర్చుని ఆ నాలుగింటికీ నాలుగు మాటలు చెప్పింది. చేలో ఉన్నది పరి, నూర్చినది గబాహ్, మర ఆడించినది బెరస్, వండినది సెగో. అంతటితో ఊరుకోక నూకలు మెనిర్, తవుడు దెదక్, ఊక సెకమ్, గడ్డి దామెన్ అంటూ ఒక్కొక్కటీ గుప్పిట పట్టి చూపించింది. మా అమ్మాయి ఆమె మాటలను నాకు తెలుగులో చెప్పబోతుంటే, అవసరం లేదని నేనే వారించాను. ఆ వస్తువులన్నీ నాకు చిన్నప్పటి నుంచి తెలిసినవే.

మా అమ్మాయి యోగ్యకర్త నగరంలోని విశ్వవిద్యాలయంలో నేలల మీద పరిశోధన చేస్తోంది. తాను నమూనాలు తీసే పొలాలకు దగ్గరగా ఉంటుందని స్లెమన్ జిల్లా పడమటి వైపు ఉన్న ఈ పల్లెలో, ఈ ముసలమ్మ ఇంట్లోనే రెండు గదులు అద్దెకు తీసుకుంది. మార్చి చివర నుంచి మే మొదటి వారం దాకా నేనూ నా భార్యా అక్కడే ఉన్నాము. వారి ఇంటి సంగతులు రాస్తున్నాను కనుక ఊరి పేరు రాయడం లేదు. ఆమెను ఊరంతా ఎంబాహ్ అంటుంది, మనం మామ్మగారూ అన్నట్టు. ఆమె నన్ను బపక్ అని, నా భార్యను ఇబు అని పిలిచేది. నాన్నగారు, అమ్మగారు అని వాటికి అర్థం. మేము చేరిన వారంలోపే రంజాన్ పండుగ వచ్చింది. జకార్తా నుంచీ సురబాయ నుంచీ రైళ్లలో, బస్సుల్లో, మోటారు సైకిళ్ల మీద జనం సొంత ఊళ్లకు చేరుకోవడం చూస్తే, సంక్రాంతి ముందు హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చే రహదారి కళ్లముందు నిలిచింది. వచ్చినవారంతా తిరిగి వెళ్లిపోయాక ఊళ్లో ముసలివాళ్లు, బడి పిల్లలు, కోతకు వచ్చిన చేలు మిగిలాయి.

ఆ ద్వీపం కొలతలు ముందు చెప్పకపోతే తక్కిన సంగతులు సరిగ్గా బోధపడవు. మన ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం 1 లక్ష 63 వేల చదరపు కిలోమీటర్లు కాగా, జావా దాదాపు 1 లక్ష 29 వేలు మాత్రమే. మన రాష్ట్ర జనాభా సుమారు 5 కోట్లు. అక్కడ 15 కోట్లు దాటింది. ఇంతమంది చేతుల్లో నేల ఎంత చిన్న ముక్కలై ఉంటుందో ఊహించుకోవచ్చు. అర హెక్టారు, అంటే మన లెక్కలో ఎకరం పాతిక సెంట్ల లోపు సాగుచేసే రైతును అక్కడ గురెమ్ అంటారు. 2013 వ్యవసాయ గణనలో ఇండోనేషియా మొత్తం మీద ఉన్న 2 కోట్ల 61 లక్షల రైతు కుటుంబాలలో 1 కోటి 42 లక్షల కుటుంబాలు ఈ గురెమ్ లెక్కలోకే వచ్చాయి, వాటిలో అత్యధికం జావాలోనివే. ఎంబాహ్‌కు ఉన్నది 1,200 చదరపు మీటర్లు, అంటే ముప్పై సెంట్లు. మన వైపు ముప్పై సెంట్ల ఆసామిని రైతు అని ఎవరూ పిలవరు. ఆమె మాత్రం, ఏం చేస్తావని అడిగితే 'తానీ' అని, అంటే రైతునని, ఒక్క మాటలో చెబుతుంది.

నేల ఇలా ముక్కలవడానికి పంపకమే కారణం. కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు అన్న ఇస్లాం పద్ధతిని వారు తమ భాషలో 'ఒక కావడి, ఒక వీపుమూట' అంటారు. మగవాడు కావడికి రెండు వైపులా రెండు బుట్టలు మోస్తాడు, ఆడమనిషి వీపున ఒక బుట్ట కట్టుకుంటుంది, అందుకని ఆ మాట. అయితే చాలా ఇళ్లలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ సమానంగానే పంచుకుంటారు. ఎంబాహ్ పుట్టింటివారూ అలాగే పంచుకున్నారు. ఆమె తండ్రికి ఎకరంన్నర ఉండేది, సంతానం అయిదుగురు. తెనాలి దగ్గర మా ఊళ్లో ఆడపిల్లలకు కట్నం ఇచ్చి పొలం వాటా అడగకుండా చేసిన ఇళ్లను ఎన్నో చూసిన నాకు, ఈ పంపకంలోని న్యాయమూ, దానివల్ల చెక్కలైపోయిన నేలా రెండూ ఒకేసారి కనిపించాయి.

ఆ నేలకు నీరు మాత్రం పుష్కలం. ఉత్తరాన మెరాపి అగ్నిపర్వతం. తెల్లవారుజామున మబ్బు కమ్మకముందు దాని శిఖరం నుంచి సన్నగా లేచే పొగ మా కిటికీలోంచి కనిపించేది. ఆ కొండ విసిరిన బూడిదే ఆ నేలకు సత్తువ. అదే కొండ 2010లో బద్దలైనప్పుడు మూడు వందల మందికి పైగా చనిపోయారు. ఆ జిల్లాలో ప్రొగో, ఒపక్ నదులను కలుపుతూ దాదాపు 31 కిలోమీటర్ల కాలువ ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సేన జావాను ఆక్రమించినప్పుడు యోగ్యకర్త సుల్తాన్ హమెంగ్కుబువొనొ 9 దానిని తవ్వించాడు. ఊళ్లోని మగవాళ్లను జపాను వాళ్లు వెట్టికి దూరదేశాలు తరలించకుండా, ఇక్కడే పని ఉందని చూపించడానికే సుల్తాను ఆ కాలువ పని పెట్టాడని అక్కడివారు నేటికీ కృతజ్ఞతతో చెప్పుకుంటారు. కాలువల చరిత్రలో నన్ను ఆపివేసిన సంగతి మరొకటి ఉంది. 1849, 50 సంవత్సరాల్లో మధ్య జావాలోని దెమాక్ సీమలో కరువు వచ్చి జనం కుప్పలుగా చనిపోయిన తర్వాత, డచ్చి ప్రభుత్వం తుంతాంగ్ నది మీద గ్లాపన్ ఆనకట్టను 1852లో మొదలుపెట్టింది. గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టిన తర్వాత మన బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైనది కూడా 1852లోనే. రెండు చోట్లా జనం చచ్చాకే నీటిని కట్టారు.

ఇక కోత సంగతి. నేను చూడాలనుకున్నది అదే, చూసినది కూడా తృప్తిగా చూశాను.

కోతకు పది రోజుల ముందు ఒక మధ్యాహ్నం మోటారు సైకిలు మీద ఒక వ్యక్తి వచ్చి, గట్టు మీద నిలబడి, చేను ఒక చివర నుంచి మరో చివరకు చూసి, రెండు వెన్నులు గిల్లి గింజలు కొరికి, ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అతడు పెనెబాస్, అంటే నిలువు పైరును గుత్తగా కొనే వర్తకుడు. మన మామిడి తోటలను పూత మీదే కొనేవాళ్లు ఉన్నట్టు, అక్కడ వరి చేలను కొనేవాళ్లు ఉన్నారు. ఆ అమ్మకాన్ని తెబాసన్ అంటారు. అతడు ధర చెప్పాడు. ఎంబాహ్ తీపి టీ ఇచ్చింది, పిల్లల క్షేమం అడిగింది, చివరకు ఈసారి ఇవ్వనని చాలా మర్యాదగా చెప్పి పంపించింది. ప్రభుత్వం ఆ జనవరి నుంచి పచ్చి వడ్లకు కిలో 6,500 రూపియాల ధర నిర్ణయించింది, అంటే మన డబ్బులో దాదాపు 33, 34 రూపాయలు. 2024-25 సీజనులో మన సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలు 2,300, కిలోకు 23 రూపాయలు. ధర బాగుంది కదా, అమ్మితే శ్రమ తప్పేది కదా అని నేను అడిగాను. ఆమె జవాబును మా అమ్మాయి రెండుసార్లు అడిగి రూఢి చేసుకుని నాకు చెప్పింది: "అతనికి అమ్మితే అతని మనుషులు కోస్తారు. మరి నా మనుషులు ఏ చేలో కోస్తారు?"

ఆమె మనుషులు ఏడుగురు. ఇద్దరు తోబుట్టువుల కోడళ్లు, నలుగురు ఇరుగుపొరుగు వారు, ఒకామె కాలువ అవతలి నుంచి వచ్చే ఒంటరి మనిషి. కోతకు ముందు రోజు సాయంత్రం ఎంబాహ్ చేను మూల అరటాకులో అన్నం, ఉడికించిన గుడ్డు, మిరపకాయ పచ్చడి, నాలుగు రకాల ఆకులు పెట్టి, వరి తల్లి దేవి శ్రీకి మొక్కుకుంది. ఆ మొక్కును వివితాన్ అంటారు. ఐదు పూటలా నమాజు చేసే ఇల్లాలు శ్రీదేవికి మొక్కడం నాకు వింతగా తోచలేదు. ఆ ఊళ్లో ఎవరికీ తోచదు. మొక్కు ముగిశాక ఆ అన్నాన్ని గట్టు మీద కాచుకుని ఉన్న పిల్లలు పంచుకు తినేశారు.

మర్నాడు తెల్లవారకముందే కోత మొదలైంది. ఇప్పుడు కొడవలితోనే కోస్తున్నారు. వంటింటి గోడకు మాత్రం అరచేతిలో ఇమిడేంత చెక్కముక్కకు సన్నని రేకు బిగించిన పరికరం ఒకటి వేలాడుతుంటుంది, దానిని ఆనీ-ఆనీ అంటారు. దానిని వేళ్ల మధ్య దాచి పట్టుకుని ఒక్కొక్క వెన్నునే కోసేవారట. పెద్ద కత్తిని చూస్తే వరి తల్లి బెదురుతుందని నమ్మకం. పొడుగ్గా పెరిగే నాటు రకాలకు ఆ పని సాగింది. 1960ల చివర ఐఆర్ 8, తరువాత ఐఆర్ 36 వంటి పొట్టి రకాలు వచ్చాక వెన్ను కోత వెనకబడి కొడవలి ముందుకు వచ్చింది. వెన్ను కోత కాలంలో ఒక చేలోకి వందలమంది దిగేవారని, ఎవరినీ రావద్దని అనే ఆచారం ఉండేది కాదని ఆమె చెప్పింది.

కోసిన పనలను కాలితో తొక్కే నూర్పిడి యంత్రం దగ్గరకు చేర్చి, ఇద్దరిద్దరుగా ఎవరి రాశి వారు వేరుగా పోసుకున్నారు, ఒంటరి మనిషి తన రాశి తానే పోసుకుంది. పదకొండు గంటలకు కొలత మొదలైంది. ఎంబాహ్ వెదురు బుట్ట తీసుకుని వచ్చింది. ఏడు బుట్టలు తనకు, ఎనిమిదోది కోసినవాళ్లకు. ఇలా పంటలోనే కూలి పంచడాన్ని బావొన్ అంటారు. ఊరిని బట్టి, పనిని బట్టి, చుట్టరికాన్ని బట్టి అది ఆరింట ఒకటి నుంచి పదింట ఒకటి దాకా ఉంటుంది. నేను గట్టు మీద గొడుగు కింద కూర్చుని ఆమె చేతులనే చూస్తున్నాను. తనవైన ఏడు బుట్టలకూ అంచు మీద అరచేత్తో అడ్డంగా తుడిచి చదును చేసింది. ఎనిమిదో బుట్టను తుడవలేదు, గింజలు గోపురంలా నిలిచి పక్కలకు జారుతుంటే అలాగే ఎత్తి పోసింది. కాలువ అవతలి నుంచి వచ్చిన ఆమె వంతు వచ్చినప్పుడు బుట్టను రెండుసార్లు నేలకు తట్టి, గింజ కుదురుకున్నాక మళ్లీ పోసి నింపింది. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ చూశారు. ఆ చేను మొత్తం మన 75 కిలోల లెక్కలో దాదాపు తొమ్మిది బస్తాలు అయింది. కోసినవాళ్లకు మనిషికి సగటున పన్నెండు కిలోలు ముట్టింది, అంటే మన డబ్బులో నాలుగు వందల రూపాయలు. వాళ్లు వెళ్లిన తర్వాత ఇద్దరు ముసలివాళ్లు వచ్చి రాలిన వెన్నులు ఏరుకున్నారు. ఆ పనికీ వారికొక మాట ఉంది, ఙాసక్ అంటారు. మనం పరిగ అంటాము, లేదా అనేవాళ్లం.

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం వివరంగా చెప్పాలి. జావా పల్లెల గురించి రాసిన పరిశోధకులు కొందరు, అక్కడ పేదరికాన్నే అందరూ కలిసి పంచుకుంటారని, పదిమంది చేసే పనిని ఇరవై మందికి సర్ది ఎవరికీ ఎదుగుదల లేకుండా చేసుకుంటారని అన్నారు. నేను చూసిన మేరకు ఆ మాట సగమే నిజం. పంచుకునేది అందరూ కాదు. ముప్పై సెంట్ల ఎంబాహ్ ఏడుగురికి పంచింది; అదే ఊళ్లో రెండు హెక్టార్లున్న ఆసామి పెనెబాస్‌కు అమ్మేశాడు, ఆ వర్తకుడి యంత్రం ఒక్క పూటలో చేను కోసి బస్తాలకెత్తి పోయింది, గట్టు మీద నిలబడడానికైనా ఎవరికీ పిలుపు లేదు. 1970ల మొదట్లో వడ్లు మర ఆడించే యంత్రాలు వచ్చినప్పుడు రోకటి పోటు మీద బతికిన లక్షలమంది ఆడవాళ్ల పని పోయింది, ఆ తరువాత కొడవలి, ఆ తరువాత గుత్త వర్తకుడు, ఇప్పుడు కోత మిషన్. ప్రతిసారీ నేల ఉన్నవాడికి ఖర్చు తగ్గింది, లేనివారికి చేలోకి దిగే దారి ఒకటి మూసుకుపోయింది. నేను కూడా ఉద్యోగంలో ఉండగా రాయితీ మీద కోత మిషన్లు ఇప్పించిన వాడినే. ఎకరానికి ఖర్చు ఎంత తగ్గిందో, గింజ ఎంత రాలకుండా ఆగిందో ప్రతి సీజనులో లెక్కకట్టి పైకి పంపించాను. ఆ ఎకరంలో అంతకుముందు ఎంతమందికి గింజ ముట్టేదో నేను ఏ నివేదికలోనూ రాయలేదు. ఆ గడి అసలు లేదు. మిషన్ వద్దని నేను అనడం లేదు, తుఫాను ముంచుకొస్తుంటే కోత మిషన్ విలువ ఏమిటో డెల్టా రైతుకు చెప్పనక్కర లేదు. ఆ గడి ఉండవలసింది అంటున్నాను.

కౌలు సంగతీ అటువంటిదే. ఎంబాహ్ తన చేనుతో పాటు, నగరంలో ఉండే ఒక ఉపాధ్యాయుడి పావు ఎకరం కూడా చేస్తోంది. పద్ధతి మారో, అంటే సగపాలు. పండినదానిలో ఆయనకు సగం, ఆమెకు సగం. ఎండినా మునిగినా నష్టమూ అంతే. మూడింట ఒక వంతు పాలు కూడా ఉంది, దానిని మెర్తెలు అంటారు. పాలు ఒప్పందాలు రాతపూర్వకంగా ఉండాలని 1960లోనే అక్కడ చట్టం చేశారు కానీ ఊళ్లలో ఇప్పటికీ నోటిమాట మీదే నడుస్తుంది. మన డెల్టాలో సగపాలు దాదాపుగా పోయి, ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకున్న కౌలు స్థిరపడింది. పంట పండితే అది మంచిదే, కౌలుదారు కష్టం కౌలుదారుకే దక్కుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, కోతకొచ్చిన చేలూ పనల మీదున్న చేలూ నీళ్లలో నాని మొలకెత్తినప్పుడు, ఆ బస్తాల మాట మాత్రం మునగలేదు. సాగుదారు హక్కుల చట్టం 2019లో వచ్చింది, కానీ దాని కింద ఇచ్చే సాగుదారు కార్డు కావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. మా ఊళ్లో ఒప్పుకున్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

చీడపీడల విషయంలో ఆ నేలకు నేను వృత్తిరీత్యా రుణపడి ఉన్నాను. జావాలో 1970ల్లో ఒకసారి, 1985, 86ల్లో మరోసారి సుడిదోమ చేలకు చేలను తినేసింది. మందు కొట్టేకొద్దీ దోమను తినే సాలీళ్లు చచ్చి దోమ మరింత పెరుగుతోందని శాస్త్రవేత్తలు నిరూపించిన తర్వాత, 1986లో అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందులను ఒకే ఉత్తర్వుతో నిషేధించింది. 1989 నుంచి రైతులను చేలోనే కూర్చోబెట్టి మిత్రపురుగులను గుర్తుపట్టడం నేర్పించారు. మనం పొలంబడి అన్నది దాని సంతానమే. ఎంబాహ్ చేలో రెండు వరుసలకొక ఖాళీ వదిలి నాటారు. దానిని జాజర్ లెగొవొ అంటారు. మనం సుడిదోమకు రెండు మీటర్లకొక కాలిబాట తీయమని చెప్పేదానికి అది దగ్గరి చుట్టం. ఆ ఖాళీలను చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో ఇంట్లోవాళ్లకు చెప్పలేకపోయాను.

వరి మీద ఇంత రాశాను కానీ ఆ ఇంటికి డబ్బు వచ్చేది వరి నుంచి కాదు. తొమ్మిది బస్తాల్లో ఆమె ఒక్కటీ అమ్మలేదు, తిండికీ శుభకార్యాలకూ దాచింది. కొడుకు తెల్లవారి మోటారు సైకిలు మీద నగరానికి పోయి తాపీ పని చేసి చీకటి పడ్డాక వస్తాడు. కోడలు సోయా గింజలను నానబెట్టి, ఉడికించి, పులియబెట్టి టెంపె చేసి అరటాకుల్లో కట్టి అమ్ముతుంది. కూతురు తైవానులో ఒక వృద్ధురాలిని చూసుకునే పనిలో ఉంది. ఇంటి ముందుగది గచ్చు పలకలు ఆమె పంపిన డబ్బుతో వేసినవేనని ఎంబాహ్ వచ్చినవారందరికీ చూపిస్తుంది. పక్కనే గొదేయన్‌లో బంకమట్టితో పెంకులు కాల్చే బట్టీలు ఉన్నాయి, మగవాళ్లు కొందరు అక్కడికి పోతారు. ఇక ఇంటి చుట్టూ ఉన్న పెరడు చేసే పని చేనుకు తక్కువ కాదు. పెకరాంగన్ అనే ఆ పదిహేను సెంట్లలో కొబ్బరి, పనస, అరటి, బొప్పాయి, కర్రపెండలం, కోళ్లు, రెండు మేకలు, వెనక వెదురు పొద. ఏదీ ఎక్కువ లేదు, ఏ నెలా ఉత్త నెల కాదు. మనవరాలి బడి రుసుముకు ఒకసారి మేక, ఒకసారి వెదురు అమ్మిన లెక్క నాకు చెప్పారు.

సంత ఏడు రోజులకొకటి కాదు, ఐదు రోజులకొకటి. లెగి, పాహింగ్, పోన్, వాగె, క్లివొన్ అని వారికి ఐదు రోజుల వారం వేరుగా ఉంది, ఏ ఊరి సంతకు ఆ రోజు పేరు. కోడలు టెంపె బుట్టతో ఆ లెక్క ప్రకారమే ఊళ్లు మారుతుంది. సంతలో అప్పిచ్చి రోజూ వచ్చి వసూలు చేసుకుపోయేవాళ్లను బ్యాంక్ ప్లెచిత్ అంటారు, ప్లెచిత్ అంటే వెంటపడి తరమడం. మన బజారుల్లో డైలీ ఫైనాన్స్ వాళ్లను చూసినవారికి వివరం అక్కర లేదు.

ఆ అప్పులు ఎక్కువగా తిండికి కాక పెళ్లిళ్లకు అవుతాయి. పెళ్లయినా, పిల్లాడికి సున్తీ అయినా, పిలుపు అందిన ప్రతి ఇల్లూ కవరులో డబ్బో బియ్యమో తీసుకువెళ్లాలి, దానిని న్యుంబాంగ్ అంటారు. ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసుకుంటారు, వారి ఇంట శుభకార్యం వచ్చినప్పుడు అంతకు తగ్గకుండా తిరిగి ఇస్తారు. మన చదివింపుల పుస్తకం అట్టతో సహా అదే. రంజాన్ తర్వాతి నెల పెళ్లిళ్ల నెల కావడంతో ఆ ఇంటికి మేమున్నప్పుడే పదకొండు పిలుపులు వచ్చాయి. ఒక్కొక్క పిలుపుకూ ఎంబాహ్ గాదె వైపు చూసేది. ఆ మర్యాద వెనక ఉన్న బరువును నేను మెచ్చుకోలేను. నెలకు పదకొండు పెళ్లిళ్లు చదివించిన కూలి ఇల్లు ఆ నెలలో ఏం తింటుందో అడగవలసిన ప్రశ్నే.

జింపితాన్ మాత్రం నాకు మనసారా నచ్చింది. ప్రతి ఇంటి ముందు స్తంభానికి అరచేయంత డబ్బా ఒకటి వేలాడుతుంటుంది. రాత్రి పడుకోబోయే ముందు ఇల్లాలు అందులో చారెడు బియ్యమో రెండు నాణేలో వేస్తుంది. అర్ధరాత్రి గస్తీ తిరిగే వంతు మగవాళ్లు వెదురు బోలుమీద టక్కుటక్కున కొట్టుకుంటూ వచ్చి, టార్చిలైటు వేసి, ఆ డబ్బాలు ఒక్కొక్కటీ సంచిలో ఒంపుకుపోతారు. డబ్బా ఖాళీగా ఉంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందని మర్నాడు ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తారు. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బుతో వీధి దీపాలు, చావు ఇంటికి కుర్చీలు, ఆసుపత్రికి వెళ్లేవారికి బండి ఖర్చు. మా అమ్మమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది, ఆ కుండ నిండితే రామకోవెలకు పోయేది. మూడో రోజు నుంచి నా భార్య కూడా ఆ డబ్బాలో బియ్యం వేయడం మొదలుపెట్టింది.

పంచాయతీ కార్యాలయం గురించి ఒకటి రెండు మాటలు. ఊరి అధికారులకు జీతంతో పాటు ఊరుమ్మడి నేలలో కొంత సాగుకు ఇస్తారు, దానిని పెలుంగుహ్ అంటారు. పదవి దిగినవారికి పింఛనుకు బదులు ఇచ్చే నేలకు పెంగారెమ్-ఆరెమ్ అని ఇంకో పేరు. 1984లో మన కరణాలు, మునసబులు పోవడంతో మనకు ఆ చరిత్ర ముగిసింది, వారికి ఇంకా నడుస్తోంది. 2014లో చేసిన పల్లెల చట్టం ప్రకారం 2015 నుంచి కేంద్ర ప్రభుత్వం దేశంలోని 75 వేల దాకా ఉన్న పల్లెలకు నేరుగా డబ్బు పంపుతోంది. ఆ ఏడాది రాబడి ఎంత, ఖర్చు దేనికెంత అని పెద్ద ఫ్లెక్సీ మీద అచ్చువేసి కార్యాలయం ముందు రోడ్డు పక్కన కడతారు. చదువు రాని ఎంబాహ్ మనవరాలి చేత అది చదివించుకుని, కాలువ మరమ్మతు అంకె దగ్గర ఆగి, అంత కాలేదని గట్టిగానే అంది.

మే నెలలో తిరిగి వచ్చాము. సార్వా కోతల సమయంలో డిసెంబరులో మా ఊరు వెళ్లాను. మా చేను ఇప్పుడు కౌలులో ఉంది; మిషన్ కోసిన వడ్లు రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి. ఒకప్పుడు మా కళ్లానికి కోతల ముఠాను తీసుకువచ్చే పెద్దామె తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటే దగ్గరకు వెళ్లి కూర్చుని, జావా కబుర్లు చెప్పాను. ఆమెకు అగ్నిపర్వతం మీద ఆసక్తి కలగలేదు.

"పాలు ఎంత ఇస్తారు అబ్బాయ్?" అని అడిగింది.

"ఎనిమిదింట ఒకటి" అన్నాను.

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ముప్పై బస్తాల ఎకరానికి దగ్గర దగ్గర నాలుగు బస్తాలని నాకంటే ముందే తేల్చింది. బుట్ట సంగతి కూడా చెప్పాను, ఎంబాహ్ తనవి ఏడూ చేత్తో తుడిచి, ఎనిమిదోది గోపురంగా పోసిన సంగతి. పెద్దామె కాసేపు రోడ్డు మీది వడ్ల వైపు చూసింది.

"మీ నాయన కుంచం పైన తుడిచేవాడు అబ్బాయ్, తప్పుగా అనుకోమాక. మీ అమ్మ తుడిచేది కాదు. కళ్లంలో ఆ రోజు ఎవరు కొలుస్తారో కనుక్కుని, మీ అమ్మ అయితేనే పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చేవాళ్లం."